ఇవోనాకి తగిన పిస్తోలు

శనివారం పొద్దున లెయోష్ వంటింటి బల్ల మీద పాత దుప్పటి ముక్క పరిచి, దాని మీద ఉక్కు పిస్తోలు పెట్టాడు. పక్కన రొట్టె, పందికొవ్వు, తరిగిన ఉల్లిపాయ. కాఫీ చల్లారిపోతోంది. కూతురు వచ్చేదాకా ఏదీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

ఆయన ఊళ్ళోని పిస్తోళ్ళ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరయ్యాడు. ఊళ్ళో సగం మంది ఆ గేటులోంచి పోయినవాళ్ళే. మిగిలిన సగం వాళ్ళ పెళ్ళాలు. ఆయన భార్య లుద్మిల పోయి ఆరేళ్ళయింది. కండరాలు కరిగిపోయే జబ్బు. చేతితో మొదలై ఊపిరి దాకా వెళ్ళింది. అప్పట్లో ఊరంతా జాలిపడింది. జాలికి ఖర్చు లేదు గనక ఎవరూ లోటు చేయలేదు. ఆయన మాత్రం ఎవరికీ ఒక్క మంచిమాట తిరిగి చెప్పలేదు.

కూతురు ఇవోనాకి నలభై దగ్గరపడుతోంది. పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. మొగుణ్ణి వదిలేసింది, పిల్లల్లేరు. ఆమెకంటూ ఉన్నది ఆదివారం పోటీలే. గంట మోగగానే నడుము దగ్గరి పిస్తోలు తీసి, పరుగెడుతూ, చెక్క గోడల చాటు నుంచి అట్ట బొమ్మల్నీ ఇనుప పలకల్నీ కాల్చే పోటీలు. గురి ఎంత ముఖ్యమో వేగమూ అంతే ముఖ్యం. ఆట నేర్పింది తండ్రే. ఇన్నాళ్ళూ ఆమె కాల్చింది కూడా ఆయన పేరు మీదున్న పాత పిస్తోలుతోనే.

ఏప్రిల్ పోటీలో పరువు పోయింది. ఆ రకం పిస్తోలుకి వెనక చిన్న సుత్తిలా హ్యామర్ ఉంటుంది. గుండు ఎక్కించాక, గంట మోగకముందే, బొటనవేలితో హ్యామర్‌ని పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, దాన్ని నిదానంగా కిందికి దించాలి. అది నిబంధన. ఇవోనా వేలు జారింది. గుండు పేలి మట్టికట్టలో దిగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. జడ్జి చెయ్యెత్తి ఆపించి, ఆమెని ఇంటికి పంపేశాడు. వెనక నిలబడ్డ లెయోష్‌కి ఎవరో గుసగుసలాడటం వినిపించింది. లెయోష్ కూతురట.

లోపం ఇనుములో ఉందని ఆయన తేల్చుకున్నాడు. బతుకంతా ఫిట్టరుగా ఉన్నవాడికి లోపం ఇంకెక్కడా కనబడదు. ఫ్యాక్టరీ నుంచి కొత్త పిస్తోలు తెచ్చి, దానికి ఫ్యాక్టరీ వాళ్ళదే వెడల్పు హ్యామర్ తెప్పించి, వారాల తరబడి ఆకురాయితో సరిచేసి బిగించాడు. సెప్టెంబరులో దేశం మొత్తానికి పోటీ. ఎవరు ఏ పిస్తోలుతో దిగేదీ ఈ నెలలోనే క్లబ్బుకి చెప్పాలి.

ఇవోనా వచ్చి బేకరీ సంచి బల్ల మీద పెట్టింది.

“ఇదేంటి?”

“నీ పిస్తోలు. పట్టి చూడు.”

ఆమె పట్టుకోలేదు. “బరువుగా ఉన్నట్టుంది.”

“బరువుంటేనే చేతిలో ఎగరదు. కొత్తగా నేర్పాలా నీకు? హ్యామర్ చూడు, ఎంత వెడల్పుందో. ఇక జారమన్నా జారదు.”

“నాన్నా, నేనొకటి చూసుకున్నాను.”

“ఏది?”

“ఆస్ట్రియాది.”

లెయోష్ ఉల్లిపాయ ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. “ప్లాస్టిక్‌ది?”

“ఆ.”

“దానికి హ్యామరే లేదు.”

“అందుకే అది.”

“అందుకే అంటే? పని చేతకాక, ఆ పనే లేని పిస్తోలు కొనుక్కుంటావా? కసాయి ఫ్లోరియాన్ కొన్నాడంటే సరే. వాడికి పందైనా పలకైనా ఒకటే. మీ తాత ఆ ఫ్యాక్టరీలో, నేను అక్కడ, నీ తమ్ముడు ఇప్పటికీ అక్కడ. నువ్వు అందరి ముందూ ఆ డబ్బా తీస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నీ మొహం నీ మెడ మీదే ఉంటుందిలే నాన్నా.”

“ఎగతాళా? ఏప్రిల్‌లో నవ్వులపాలు చేసింది చాల్లేదా?”

ఇవోనా సంచిలోంచి ఒక బన్ను తీసి ఆయన ముందు పెట్టింది. “తిను. వేడిగా ఉంది. రేపు భోజనానికి వస్తాను. రాదిమ్ కూడా వస్తాడు. నీకో మాట చెప్పాలి.”

“ప్లాస్టిక్ సంగతైతే రాకు.”

“వస్తాను,” అని ఆమె వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి లెయోష్ తనే వండాడు. కాలేయం ఉండలు వేసిన సూపు, సోయికూర పులుసు, ఆవిరి మీద ఉడికించి దారంతో కోసిన పిండి ముద్దలు. భార్య మంచాన పడ్డాక నేర్చుకున్న వంట. బాగానే కుదిరింది. తండ్రి, కూతురు, కొడుకు బల్ల చుట్టూ కూర్చున్నారు. రాదిమ్ ఇవోనాకి తమ్ముడు. ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తాడు. ఇంట్లో ఎవరి గొంతు లేచినా కిటికీ వైపు చూసే రకం.

ఇవోనా చెంచాని పిడికిట్లో పట్టుకుని తింటోంది. లెయోష్ గమనించలేదు. ఆయన బుర్రంతా పిస్తోలు మీదే ఉంది. సూపు సగం అవగానే లేచి వెళ్ళి దాన్ని తెచ్చి, కంచం పక్కన పెట్టాడు.

“ఖాళీదే. నువ్వే తెరిచి చూసుకో. హ్యామర్ ఎక్కించి, నిదానంగా దించి చూపించు. ఒక్కసారి దించితే చాలు, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చింది కొనుక్కో.”

“నాన్నా, వద్దు,” అన్నాడు రాదిమ్.

“నువ్వు సూపు తాగు.”

“చెప్పేది వినవా? వద్దంటున్నాను కదా.”

“పోటీకి నువ్వు వెళ్తున్నావా? నోరు మూసుకో.”

ఇవోనా చేతులు తుడుచుకుంది. పిస్తోలు తీసుకుని, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, గోడ వైపు తిప్పింది. హ్యామర్ ఎక్కించి, బొటనవేలు దాని మీద ఆనించి, ట్రిగ్గర్ నొక్కింది. హ్యామర్ టప్పున పడింది.

“మళ్ళీ.”

ఈసారి పెదవి కొరుకుతూ నొక్కింది. టప్పున పడింది.

“ఏమైంది నీకు? పదేళ్ళప్పుడే చేసినదానివి. సాధన లేదు, శ్రద్ధ లేదు. ఇలా ఇవ్వు, వేలు ఎక్కడుండాలో చూపిస్తాను.”

ఆయన ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలినీ చూపుడువేలినీ కలిపేచోట, చేతి వెనక, ఎత్తుగా ఉండాల్సిన కండ లేదు. అక్కడ గుంట పడింది. తన వేలు ఆ గుంటలో దిగింది. అలాంటి గుంట ఆయనకి తెలుసు. మరొక చేతిలో అది నెలనెలా లోతవడం చూశాడు.

ఆయన చెయ్యి వదల్లేదు. సూపులోంచి ఆవిరి తగ్గిపోయింది.

“ఎప్పటినుంచి?” అన్నాడు.

“చలికాలంలో మొదలైంది. సీసా మూతలు రాలేదు. నాకే బద్ధకం అనుకున్నాను. ఏప్రిల్‌లో వేలు జారాక బ్ర్నో పెద్దాస్పత్రికి వెళ్ళి చూపించుకున్నాను.”

“ఏమన్నారు?”

“నీకు తెలిసిందే అన్నారు.”

జబ్బు పేరు ఎవరూ పలకలేదు. ఆ ఇంట్లో దాన్ని ఒక్కసారే పలికారు, అదే ఇన్నేళ్ళకీ సరిపోయింది.

“నీకు తెలుసా?” అని లెయోష్ కొడుకు వైపు తిరిగాడు.

“తెలుసు.”

“నువ్వు చూపించుకున్నావా?”

“లేదు. చూపించుకోను.”

“పిరికివాడా.”

“అవును,” అన్నాడు రాదిమ్, కిటికీ వైపు చూస్తూ.

లెయోష్ పిస్తోలు తీసుకుని లేచాడు. నడవలోని ఇనుప బీరువా తెరిచి దాన్ని లోపల పెట్టాడు. ఇవోనా ఇన్నాళ్ళూ కాల్చిన పాతది కూడా అందులోనే ఉంది. తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు.

“ఇక చాలు. ఆట అయిపోయింది. ఆ చేత్తో ఎవరినైనా చంపుతావు. ఈ ఇంటికి వచ్చెయ్. నీ గది ఖాళీగానే ఉంది. నేను చూసుకుంటాను.”

“దీనికే ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు,” అంది ఇవోనా.

“దేనికి?”

“దీనికే. నాకు ఇంకా ట్రిగ్గర్ వేలు బాగుంది. కాళ్ళు బాగున్నాయి. హ్యామర్ దించలేను గనక, దించక్కర్లేని పిస్తోలు కావాలన్నాను. ఏప్రిల్‌లో జరిగింది మళ్ళీ జరక్కూడదనే అడిగాను. వేలు పనిచేయని రోజు నేనే మానేస్తాను, నువ్వు చెప్పక్కర్లేదు. నీకు మాత్రం తాళంచెవే తోచింది.”

“తండ్రిని.”

“అమ్మకి మొగుడివి కూడా. ఏం చేశావో గుర్తుందా? అమ్మ చేతిలో కప్పు ఒకటి జారింది, అంతే. మర్నాటి నుంచి వంటింట్లోకి రానివ్వలేదు. సూది గుచ్చుకుంటుందని కుట్టుపని తీసేశావు. పడిపోతుందని తోటలోకి పోనివ్వలేదు. చెంచా పట్టగలిగిన రోజుల్లోనే నువ్వు తినిపించడం మొదలుపెట్టావు.”

“మరి పడితే? విరిగితే? ఎవరు చూసేవాళ్ళు? మీరిద్దరూ ఆదివారం వచ్చి పువ్వులు పెట్టి పోయేవాళ్ళు.”

“నిజమే. అన్నీ నువ్వే చేశావు. ఇంకో మనిషి అంత చేయడు. కానీ అమ్మ నాతో ఏమందో తెలుసా? జబ్బు నెమ్మదిగానే వస్తోందే, మీ నాన్నే దానికంటే ముందు పరుగెడుతున్నాడు అంది.”

ఇవోనా కోటు తీసుకుంది. గుండీలు పెట్టుకోలేక అలాగే వేసుకుని బయటికి నడిచింది. రాదిమ్ అక్క వెనకే వెళ్ళాడు. తండ్రి మూడు కంచాల సూపునీ మళ్ళీ గిన్నెలో పోసి, మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

మంగళవారం సాయంత్రం రాదిమ్ షిఫ్టు దిగి వచ్చాడు. కూర్చోలేదు.

“అక్క పోటీలోంచి పేరు తీయించేస్తానంటోంది.”

“మంచిది.”

“మంచిదే. నువ్వు కోరుకున్నదే. అమ్మ చక్రాల కుర్చీ అటక మీదే ఉందిగా, దించనా? తుడిచి ఉంచుకుంటే పనికొస్తుంది. అక్క ఇంకా నడుస్తోందనుకో, అయినా ముందే కూర్చోబెట్టేస్తే నీకు నిశ్చింత.”

లెయోష్ చెయ్యి లేచింది. కొడుకు మీద ఆయన ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. రాదిమ్ కదల్లేదు, కిటికీ వైపూ చూడలేదు. తండ్రి మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఎత్తిన చెయ్యి దానంతటదే కిందికి వచ్చింది.

“వెళ్ళు,” అన్నాడు లెయోష్.

“వెళ్తున్నాను. నాకు కూడా ఎప్పుడో రావచ్చు నాన్నా. వస్తే నీకు చెప్పను.”

కొడుకు వెళ్ళాక ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరినీ క్షమించే అలవాటు ఆయనకి లేదు. లుద్మిలని కూడా క్షమించలేదు, ముందే పోయినందుకు. ఆమె తన గురించి ఒక మాట అంది. ఆ మాట కూతురితో అంది, తనతో అనలేదు. ఎందుకు అనలేదో ఆయనకి తెలుసు. అంటే తను వినేవాడు కాదు.

గురువారం మధ్యాహ్నం క్లబ్బులో సాధన ఉంటుంది. లెయోష్ బయల్దేరేముందు కరెంటు పనికి వాడే నల్ల టేపు తీసి, తన కుడి బొటనవేలిని అరచేతికి గట్టిగా చుట్టి కట్టేశాడు. బూటు లేసు కట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. బస్సులో డబ్బులు కింద పడేసుకున్నాడు. ఎవరో ఏరి ఇవ్వబోతే వద్దన్నాడు.

మట్టికట్టల దగ్గర కసాయి ఫ్లోరియాన్, ఇంకో నలుగురు ముసలివాళ్ళు ఉన్నారు.

“నీ పిస్తోలు ఇవ్వు,” అన్నాడు లెయోష్.

ఫ్లోరియాన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఏమన్నావ్? ఒరేయ్, విన్నారా? లెయోష్ నా ప్లాస్టిక్ పిస్తోలు అడుగుతున్నాడు. ఫాదర్‌ని పిలవండ్రా, ఆఖరి ప్రార్థన చదివించాలి.”

అందరూ నవ్వారు. “ఫ్యాక్టరీ వాళ్ళకి తెలిస్తే నీ పెన్షన్ కోసేస్తారయ్యా,” అన్నాడు ఒకడు.

“కొయ్యనీ. ఇవ్వు.”

“వేలికేమైంది?”

“ఏం కాలేదు.”

“ఏం కాకపోతే టేపెందుకు? కట్టు కట్టుకుని వచ్చి అరువు అడుగుతున్నావు, పైగా పొగరు.”

“ఈ వేలు లేకపోతే ఏది కాల్చగలమో చూడాలి.”

ఫ్లోరియాన్ ఇంకో మాట అనబోయి టేపు వైపు చూశాడు. లుద్మిల శవపేటిక మోసినవాళ్ళలో అతనొకడు. పక్కవాళ్ళకి వినబడకుండా అడిగాడు. “ఎవరికి?”

“ఇవోనాకి.”

ఫ్లోరియాన్ మ్యాగజైన్లో గుండ్లు ఒక్కొక్కటే నింపి, పిస్తోలు లెయోష్ చేతికిచ్చి, పక్కన నిలబడ్డాడు. వెనకవాళ్ళు ఇంకా నవ్వుతూంటే తిరిగి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

లెయోష్ ఆ సాయంత్రం ఎవరి దగ్గర ఏ పిస్తోలు ఉంటే అది అడిగి కాల్చాడు. ఇటలీది ఒకటి అందంగా ఉంది, పట్టు నిలవలేదు. తన ఫ్యాక్టరీదే చిన్నది ఒకటి కాల్చాడు, హ్యామర్ దగ్గర ఆగిపోయాడు. తను బిగించిన వెడల్పు హ్యామర్ సంగతి ఆయనకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. కూతురు ముందు బల్ల మీద పెట్టినది బహుమతి కాదు, ఆ చెయ్యి ఎన్నటికీ నెగ్గలేని పరీక్ష. అన్నిటికంటే వికారంగా ఉన్న ఆస్ట్రియాదే చెయ్యి వేసినప్పుడల్లా పనిచేసింది. బొమ్మ మీద గుండ్లు చెదిరి పడ్డాయి, కానీ బొమ్మ మీదే పడ్డాయి.

“అదే కొంటావా?” అన్నాడు ఫ్లోరియాన్.

“నేను కాదు. తనే చూసుకుంది, నాకంటే ముందే.”

“మరి ఇదంతా ఎందుకు?”

“నాకు తెలియాలిగా,” అన్నాడు లెయోష్.

ఇంటికి వెళ్ళి టేపు ఊడదీస్తే చర్మం కాస్త లేచి వచ్చింది. కూతురికి ఫోన్ చేశాడు.

“శనివారం బ్ర్నో వెళ్దాం.”

“ఆస్పత్రికా? నా తారీకు వచ్చే నెల.”

“కాదు. పిస్తోళ్ళ దుకాణానికి.”

“ఎవరికి కొంటావు?”

“నాకైతే కాదు. నాకు పలకా కనబడదు, పలక వెనకున్న గోడా కనబడదు. క్లబ్బుకి పేరు తీసేయమని చెప్పావా?”

“రేపు చెబుదామనుకున్నాను.”

“చెప్పకు.”

“నాన్నా, వచ్చి దుకాణంలో గొడవ పెడతావా?”

“పెట్టొచ్చు. తొమ్మిదింటి బస్సుకి రా.”

శనివారం బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె కోటు గుండీలు పెట్టుకోలేదని ఆయన చూశాడు. చెయ్యి చాపబోయి, తన మోకాలి మీదే పెట్టుకున్నాడు. బస్టాండులో దిగేముందు ఆమె తనే తంటాలు పడి ఒకటి పెట్టుకుంది. ఆయన అంతసేపూ అటు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కోసం ఆయన చేసిన పనుల్లో అంత కష్టమైనది లేదు.

దుకాణంలో కుర్రాడు గాజు బీరువాలోంచి ఆస్ట్రియా పిస్తోళ్ళు మూడు తీసి గుడ్డ మీద పరిచాడు.

“మీకా అండీ?” అని లెయోష్‌ని అడిగాడు.

“ఆవిడకి. ఆవిడనే అడుగు.”

ఇవోనా ఒక్కొక్కటీ పట్టి చూసింది. రెండోది తీసుకుని, పైన ఉండే స్లైడ్ వెనక్కి లాగి, గోడ మీది గురి వైపు ఎత్తి, ట్రిగ్గర్ నొక్కింది. ఖాళీ పిస్తోలు చిన్నగా చప్పుడు చేసింది. దించాల్సింది ఏమీ లేదు. ఆమె మొహంలో చాలా నెలలుగా లేనిదేదో వచ్చింది.

“ఇది,” అంది.

“స్ప్రింగు దీనికంటే మెత్తనిది వేయొచ్చా?” అని లెయోష్ కుర్రాణ్ణి అడిగాడు.

“పోటీ నిబంధనలు చూసి వేస్తానండీ. ఇప్పుడు మేడమ్ సులువుగానే లాగారు కదా?”

“ఇప్పుడు కాదు. వచ్చే ఏడు కూడా లాగాలి.”

ఇవోనా పిస్తోలు గుడ్డ మీద పెట్టి తండ్రి వైపు చూసింది. ఆయన ఆమెని చూడటం లేదు. వంగి, పిస్తోలుని అటూ ఇటూ తిప్పుతూ, మ్యాగజైన్ విడిపించే మీట మీద గోటితో నొక్కుతున్నాడు.

“ఈ మీట అటువైపుకి మార్చొచ్చా?”

“మార్చొచ్చండీ. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ళకి మారుస్తాం.”

“మార్చు.”

“నాన్నా,” అంది ఇవోనా, “నాది కుడిచేతి వాటం.”

“ఇప్పటికి,” అన్నాడు లెయోష్.

దుకాణంలోకి ఇంకెవరో తలుపు తెరుచుకుని వచ్చారు. కుర్రాడు ఏదో పని ఉన్నట్టు లోపలికి తప్పుకున్నాడు. లెయోష్ తల ఎత్తలేదు. అప్పుడే మాట పూర్తి చేశాడు, ఎవరికో పని అప్పజెబుతున్నట్టు.

“కుడి చెయ్యి పోయే లోపల ఎడమది తయారు కావాలి. టైము పడుతుంది. ఈ రోజే మొదలుపెట్టు. నేను చెయ్యి వెయ్యను. పక్కన నిలబడి చెబుతాను, అంతే. నువ్వు చాలు అన్నప్పుడే చాలు.”

ఇవోనా పిస్తోలుని ఆయన ముందు నుంచి తీసుకుని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేతిని దాని చుట్టూ ఎలాగో ఆనించి, గోడ మీది గురి వైపు ఎత్తింది. గొట్టం కొస కిందికి వాలింది.

“మోచెయ్యి కొంచెం పైకి,” అన్నాడు తండ్రి, చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని.

ఆమె మోచెయ్యి ఎత్తింది. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.